సరే డాక్టరమ్మా

ఓ కొత్త డాక్టర్ బిడ్డలూ, ఇగ బతకడని తెలిసిన మనిషి ఇంటోళ్లతోని మీరు కూసొని మాట్లాడినంక, వాళ్లు ఎంబడే తలకాయ ఊపి "సరే" అన్నరనుకోండ్రి. ఖుషీ కాకుండ్రి. జర భయపడుండ్రి. రిటైరైనంక నన్ను సలహా అడిగేటోళ్లు మా గల్లీలోళ్లే. బీపీ గోలి చాయ్‌కి ముందుగాల ఏసుకోవాల్నా, తర్వాత ఏసుకోవాల్నా అని అడుగుతరు. మీరు గదీ అడగలే. అయినా చెప్త, ఇనుండ్రి.

తొందరగ ఒప్పుకునేటోళ్లను చూస్తె నాకు మొదటి నుంచి గుబులే. బట్టల దుకాణంల నేను ఒక రేటు అడగంగనే దుకాణమాయన "తీస్కపో అక్కా" అన్నడంటె, చీర మొత్తం ఇప్పి యాడ చిరిగిందో అని చూస్త. "నీకు కాదన్నా పరేషానే, అవునన్నా పరేషానే" అని మా ఇంటాయన నవ్వుతడు. నిజమే. గీ ఫికర్ గుణం నన్ను ఉద్యోగంల మస్తు సతాయించింది. ఇంటికొచ్చి అన్నం ముందల కూసున్నంక, ఫలానా పేషెంటుకు ఫలానా మందు రాసిన్నా లేదా అని మళ్ల వార్డుకు ఫోన్ చేసేదాన్ని. సిస్టరమ్మలు నా నంబర్ చూడంగనే "రాసిండ్రు మేడం" అనేటోళ్లు, నేను అడగకముందే.

నేను నిజామాబాద్ల ఒక పెద్ద దవాఖానల మెడిసిన్ డాక్టర్‌గ చేసిన. ఏ దవాఖాన అని అడగకుండ్రి. ఈ ముచ్చటల ఎవ్వరి పేరూ చెప్ప. రిటైర్మెంట్ దగ్గర పడ్డంక ఒకరోజు మా పెద్దసారు పిలిచి, "మేడం, గీ కొత్త పిల్లలకు గుండె ఆగితె ఎట్ల ఒత్తాల్నో వస్తది. ఆగినంక ఇంటోళ్లకు ఎట్ల చెప్పాల్నో రాదు. చెప్పాల్సొచ్చినప్పుడల్ల వార్డుల నుంచి మాయమైతుండ్రు. జర మాట్లాడుడు నేర్పియ్యండి" అన్నడు. మర్యాదగ మాట్లాడుడు నేర్పమని నన్ను అడిగిండ్రని చెప్తె మా ఇంట్ల అందరు పొట్ట పట్టుకొని నవ్విండ్రు.

నేను పాఠం చెప్పలే, నాటకం ఆడిచ్చిన. పిల్లలు డాక్టర్లు. నేను రోగి పెండ్లాన్ని, తల్లిని, ఒక్కోసారి తాగొచ్చిన బామ్మర్దిని. కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్చిన. బల్ల గుద్దిన. "మా బావకేమన్న అయితె నిన్ను ఇడిసిపెట్ట" అని ఒక పిలగాని కాలర్ పట్టుకుంటె, వాడు తెల్లమొఖమేసి "మేడం, ఇది క్లాసే గదా" అన్నడు. నేర్పింది పెద్దగ ఏం లేదు. నిలవడి మాట్లాడకుండ్రి, కూసోండ్రి. ఫోన్ బందు పెట్టుండ్రి. వాళ్లకు ఏం తెలుసో ముందుగాల అడగుండ్రి. చెప్పేది చెప్పినంక నోరు మూస్కొని ఉండుండ్రి. గీ ఆఖరిది డాక్టర్లకు చాన కష్టం, నాకైతె మరీ.

ఆ బ్యాచిల ఒక పిల్ల ఉండె. బోధన్ దిక్కామె. వాళ్ల తాతలు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొని చెరుకు, వరి ఏసినోళ్లు. పిల్ల ఈడనే పుట్టింది, ఈడనే సదివింది గని, ఇంటి భాష మాత్రం ఇడిసిపెట్టలే. ప్రతి మాటకు "అండి". వార్డు ఊడ్చేటామెకు అండి, మందుల కిటికీ కాడాయనకు అండి. తోటి పిల్లలు "దవాఖాన పిల్లిని గూడ పక్కకు జరగండి అంటది మేడం" అని సతాయిస్తె ఆమె గూడ నవ్వేది. నాకు ముద్దొచ్చేది. మా దిక్కు డాక్టర్లం ఎంత మంచోళ్లమైనా "ఏం పెద్దమనిషీ, ఎట్లుంది పాణం" అంటం, గదే మా మర్యాద. ఆ పిల్ల "ఎలా ఉన్నారండి" అనంగనే, నాట్లేసి నాట్లేసి నడుం వంగిన అవ్వ గూడ మంచంల సగం లేసి కొంగు సదురుకునేది.

గా రోజులల్ల మా మగోళ్ల వార్డుకు ఒక పెద్దమనిషి వచ్చిండు. ఊపిరితిత్తుల క్యాన్సర్, ఎముకలకు గూడ పాకింది. హైదరాబాద్ల చూపిచ్చుకొని, ఇగ చేసేదేం లేదనిపిచ్చుకొని వచ్చిండు. ఒకప్పుడు బోధన్ దిక్కు చెరుకు ఫ్యాక్టరీల బండ్లు దించేటోడు. పని బందైనంక క్వార్టర్ ఖాళీ చేసి, నిజామాబాద్ల ఆటో నడిపే కొడుకు కాడికొచ్చి ఉంటుండ్రు. మెథడిస్టు చర్చికి పోయేటోళ్లు. ఆయన భార్య మంచం పక్కన స్టూలేసుకొని, కండ్లు మూసి, పెదవులు కదిలిచ్చుకుంట ప్రార్థన చేసుకునేది. మనిషి ఎవ్వరి జోలికి పోయేది గాదు.

మందులు పడ్డంక ఆయన దమ్ము తగ్గింది, నొప్పి తగ్గింది. అంతకు మించి మా చేతుల ఏం లేదు. గసుంటోళ్లను ఇంటికి పంపి, నొప్పి మందులిచ్చి, ఇంటికొచ్చి చూసే నర్సమ్మలకు అడ్రస్ చెప్పుడు మా పద్ధతి. ఆఖరి రోజులు ఇంట్ల, తన మంచంల, తనోళ్ల నడుమ గడవాలె అని నేను పిల్లలకు నూరిపోసిన. అనుకునేదాన్ని గూడ.

కొడుకును ఎప్పుడు కదిలిచ్చినా ఒక్కటే మాట. "ఇంకొన్ని రోజులు ఉంచుండ్రి మేడం. దేవుడే ఏదన్న దారి సూపెడ్తడు."

బోధన్ పిల్ల నా దగ్గరికొచ్చి, "వాళ్లు అద్భుతం కోసం ఎదురుచూస్తున్నారండి మేడం. నిజం ఒప్పుకోలేకపోతున్నారు" అన్నది. నాకూ గట్లనే అనిపిచ్చింది. ప్రార్థన చేసుకునేటోళ్లు ఇంకేం కోరుకుంటరు? "అయితె నువ్వే కూసొని చెప్పు. క్లాసుల ఆడింది చాలు" అన్న.

నేను తలుపు కాడ నిలవడ్డ. పెద్దమనిషి కొడుకును, భార్యను ఆ పిల్ల సిస్టరమ్మల గదిల కూసోవెట్టింది. కొడుకు కుర్చీ అంచు మీద కూసున్నడు. ఆమె వచ్చేసరికి లేవబోయిండు. "అయ్యో, కూర్చోండి, కూర్చోండి" అన్నది. "మీ నాన్నగారి జబ్బు గురించి మీకు ఏం తెలుసో నాకు చెబుతారాండి?" అన్నది. కొడుకు మెల్లగ ఏదో చెప్పిండు. ఆమె ఇన్నది, మొత్తం ఇన్నది, నడుమల కోయలే. తర్వాత, "నయం చేసే మందు మా దగ్గర లేదండి. బాధ తగ్గించే మందు ఉంది. మీ నాన్నగారు ఈ రోజులు ఇంట్లో, మీ మధ్య ప్రశాంతంగా ఉంటే బాగుంటుందని మాకు అనిపిస్తోంది. మీరేమంటారండి?" అని అడిగి, నేను నేర్పినట్టే నోరు మూస్కొని కూసుంది.

తల్లి కొడుకు దిక్కు చూసింది. కొడుకు చేతులల్ల ఆటో తాళంచెవి ఒకసారి తిప్పిండు.

"సరే డాక్టరమ్మా" అన్నడు.

పిల్ల బయటికొచ్చింది. మొఖం ఎలిగిపోతున్నది. నేను భుజం తట్టిన. తట్టిన గని, అడగకుంట ఉండలేకపోయిన.

"ఏమన్న అడిగిండ్రా?"

"లేదండి. చాలా బాగా అర్థం చేసుకున్నారు."

"మందు ఎప్పుడెప్పుడెయ్యాలె, దమ్మొస్తె ఏం చెయ్యాలె, ఎవ్వరికి ఫోన్ చెయ్యాలె, ఒక్కటి గూడ అడగలే?"

"నేనే అన్నీ చెప్పానండి. అన్నిటికీ సరే అన్నారు." జర ఆగి, "మేడం, మీరు ఊరికే కంగారు పడుతున్నారు" అన్నది.

నా గుణం నాకు తెల్సు గద. డిశ్చార్జ్ కాయితం మీద సంతకం పెట్టిన.

తెల్లారి పొద్దున డిశ్చార్జ్ చేసినం. కొడుకు తన ఆటోనే తెచ్చుకున్నడు. పెద్దమనిషిని వెనక సీట్ల ఒరిగిచ్చి, తల భార్య ఒడిల పెట్టిండ్రు. అంతకుముందు, ఆటో ఎక్కేటప్పుడు, ఆ తల్లి మా పిల్ల రెండు చేతులూ పట్టుకుంది. ఏమో చెప్తదనుకున్న. పట్టుకొని, ఇడిసిపెట్టి ఎక్కింది.

మధ్యానం ఓపీల ఉన్నప్పుడు, ఇండ్లు తిరిగే నర్సమ్మ ఫోన్ చేసింది. "మేడం, మీరు పంపిన పెద్దమనిషి ఇంటికొచ్చిన. ఈడ ఎవ్వరూ లేరు. రూముకు తాళం ఉంది."

"ఎట్లుండరు? పొద్దున్నే పోయిండ్రు గద!"

"తాళమే ఉంది మేడం."

ఆ రూము దవాఖానకు దూరం గూడ గాదు. ఒక చాయ్ తాగేలోపల ఆటో చేరుకుంటది. కొడుకు నంబర్‌కు చేస్తె మోగుతున్నది, ఎత్తుతలేడు. పిల్లకు చెప్పిన. "దారిలో ఏమైనా అయిందాండి? అయితే ఫోన్ చేస్తారు కదండీ? నొప్పి మందు టైమ్ కూడా దాటిపోయిందండి" అని ఒక్క దమ్ముల అడిగింది. ఓపీ ఇంకో డాక్టర్‌కు అప్పజెప్పి, పిల్లను ఎక్కిచ్చుకొని నా కారు తీసిన. నేను పరేషాన్ల ఉంటె హారన్ మీదికెళ్లి చెయ్యి తియ్య. ఆరోజు నిజామాబాద్ల ఎంతమంది నన్ను తిట్టుకున్నరో.

ఇల్లు దొరికింది. వాకిట్ల రోలు, రోకలి, రోకలికి కట్టిన పసుపు కొమ్ము. ఇంటి ఓనరమ్మ మమ్మల్ని చూసి చేతులు కొంగుకు తుడుచుకుంట వచ్చింది. వీళ్లు ఆమె ఇంట్ల వెనక పోర్షన్ల కిరాయికుంటుండ్రు.

"మా బిడ్డ పెండ్లమ్మా. మొన్ననే పసుపు దంచినం" అన్నది, మేం ఏం అడగకముందే. "ఆయన మంచి మనిషే. మా పిల్లలు తాతా అనే పిలుస్తరు. గని పెండ్లి పెట్టుకున్న ఇంట్ల... మీరే చెప్పుండ్రి."

"ఎల్లగొట్టినవా?" అన్న నేను. నా నోరు గసుంటిది.

"అయ్యో, నేను ఒక్క మాట అనలే. ఆటో చప్పుడైతె గేటు కాడికొచ్చి నిలవడ్డ, గంతే. ఆ పిలగాడు నన్ను చూసిండు, ఆటో తిప్పుకొని పోయిండు." ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. "దవాఖానల చేర్పిచ్చిన రోజే చెప్పిన మేడం. నడుచుకుంట వస్తె నాకూ సంతోషమే, పండవెట్టి మాత్రం తేవద్దని."

ఇది తెల్వనోళ్ల కోసం చెప్తున్న. మా దిక్కు కిరాయి ఇంట్ల బిడ్డను కనొచ్చు, పెండ్లి చెయ్యొచ్చు, పండుగలన్ని చేసుకోవచ్చు. సచ్చిపోవుడు మాత్రం వద్దంటరు. చెడు నచ్చత్రంల పోయిండని అయ్యగారంటె, ఆ ఇల్లే నెలలకొద్ది తాళమేసి పెట్టాలె. ఓనర్లు గూడ పెట్టెబేడ సదురుకొని బయటికి నడవాలె. ఈ ఊర్లనే పుట్టి పెరిగిన నాకు గిది తెల్వదా? తెల్సు. అయినా క్లాసుల "ఇంటికి, ఇంటికి" అని చెప్పుకుంట పోయిన గని, ఏ ఇంటికి అని ఎవ్వరినీ అడగమనలే. సొంతిల్లున్నోళ్లకు గా ప్రశ్న తట్టదు. పిల్లకైతె పొలాల నడుమ పెద్ద డాబా ఉంది, ఆమెకెట్ల తడ్తది?

"అంటే వాళ్లకు ముందే తెలుసు" అన్నది పిల్ల, కార్ల కూసొని. "ఇంటికి రానివ్వరని తెలిసి కూడా నాకు సరే అని ఎందుకన్నారండి మేడం?"

నేను కారు బోధన్ రోడ్డుకు మలిపిన. ఆటో గటు పోయిందని పక్కింటామె చెప్పింది. ఎండ మండిపోతున్నది. ఎదురొచ్చే ప్రతి ఆటోల తొంగి చూసుకుంట పోతున్నం. పిల్ల చెరుకు లారీలు అడ్డమొచ్చినప్పుడల్ల మెడ చాపి, "ఆపండి మేడం, అదేనేమో" అంటది. అది గాదు. ఇంకొకటి, అదీ గాదు. ఈ ఎండల, ఆ సీట్ల, ఆ మనిషికి దమ్మొస్తె ఎట్లా అని నాకు ఒక గుబులు. ఏమన్న అయ్యుంటె ఈ పిల్ల మళ్ల ఇంకో ఇంటోళ్ల ముందల కూసొని నోరు తెరుస్తదా అని ఇంకో గుబులు.

ఊరు దాటినంక ఒక చెరుకు రసం బండి కాడ ఆటో కనవడ్డది. బండాయన తన తాడిపత్రి పట్టా లాగి ఆటో మీదికి నీడ కట్టిండు. పెద్దమనిషి వెనక సీట్ల ఒరిగున్నడు. భార్య గిలాసల నుంచి చెంచాతోని రసం పోస్తున్నది. మనిషి బతికే ఉన్నడు. నేను కారు దిగి, ముందు ఆయన నాడి పట్టుకొని, తర్వాత నా దమ్ము ఇడిసిన. నొప్పి మందు ఏసిండ్రా అంటె, భార్య ఏసినమని తల ఊపింది.

కొడుకు మమ్మల్ని చూసి రెండు చేతులూ జోడిచ్చుకుంట వచ్చిండు. "తప్పయింది మేడం" అన్నడు.

నాకు తిక్క లేసింది. "తప్పేందిరా? ఫోన్ ఎందుకెత్తవు? పాణాలు పోయినయ్ మాకు!"

"ఎత్తి ఏం జెప్పాలె మేడం?"

"ఇల్లు లేదని చెప్పాలె! నిన్న కూసోవెట్టి అడిగినప్పుడే చెప్పాలె! సరే అని ఎందుకన్నవ్?"

వాడు పిల్ల దిక్కు చూసి తల దించుకున్నడు. "మా బాపును నాన్నగారు అన్నది మేడం. మా బాపును జిందగీల ఎవ్వలు గారు అనలే. ఫ్యాక్టరీల చెరుకు తూచే కాంటా కాడ ఒరేయ్ అన్నోళ్లే అందరు. గంత పెద్ద సదువు సదివి, మా పక్కన కుర్చేసుకొని, అండి అండి అనుకుంట అడిగింది. గామెకు కాదని ఎట్లంట? మీ లెక్క గదమాయిస్తె నేనూ కొట్లాడేటోన్ని."

పిల్ల ఒక అడుగు ముందుకేసింది. "మరి దేవుడు దారి చూపిస్తాడన్నారు కదండీ. తగ్గిపోతుందని కాదా?" అని అడిగింది.

"తగ్గదని హైదరాబాద్లనే చెప్పిండ్రు గద డాక్టరమ్మా. బాపును పండవెట్టనీకి యాడన్న ఇంత జాగ దొరుకుతదేమో అని. బోధన్ల మా చర్చి పెద్దలను అడిగిన, హాల్ల ఒక మూలకు ఉండనియ్యమని. వాళ్లు మాట్లాడుకొని చెప్తమన్నరు. గా ఫోన్ కోసమే ఈడ నిలవడ్డం."

ఇనుండ్రి బిడ్డలూ. చావు గురించి ఆ కుటుంబానికి మేం చెప్పింది వాళ్లకు ఎప్పటి నుంచో తెలుసు. మాకు తెల్వనిది వాళ్ల కాడుండె. మేం గంత మంచిగ మాట్లాడినం గాబట్టి వాళ్లు గది చెప్పలేకపోయిండ్రు.

పిల్ల ఒక్కసారిగ, "మా ఇంటికి వెళదామండి" అన్నది. "మా పొలం దగ్గర గది ఖాళీగా ఉంది. మంచం ఉంది, ఫ్యాన్ ఉంది. మా నాన్నకు నేను చెబుతాను." నేను ఆమె చెయ్యి పట్టుకున్న. కొడుకు నోరు తెరిచిండు, నాకు తెల్సు ఏమనబోతుండో. మళ్ల "సరే" అంటడు.

గప్పుడు ఆటోల నుంచి దగ్గు ఇనవడ్డది. "అందరు మీ మీరే మాట్లాడుకోవట్టిండ్రు" అన్నడు పెద్దమనిషి. మాటకు మాటకు నడుమ దమ్ము తీసుకుంట. "సచ్చేటోన్ని నేను. జర నన్ను గూడ అడగుండ్రి."

నిజమే గద! కొడుకును అడిగినం, భార్యను కూసోవెట్టినం. ఆయన్ను మాత్రం ఎవ్వరం అడగలే. పిల్ల ఆటో మెట్టు కాడ రోడ్డు మీదనే గొంతుకూసుంది. "చెప్పండి. మీకు ఎక్కడ ఉండాలని ఉంది?"

"దవాఖానకే తోల్కపోండ్రి. ఆడ ఫ్యాను మంచిగ తిరుగుతది." కొడుకు దిక్కు చూసిండు. "ఆడ పోతె, వీడు నా కోసం ఎవ్వల గేటు కాడ నిలవడే పనుండదు. పొద్దున ఆ గేటు కాడ వీని మొఖం చూసిన. సాలు."

కొడుకు అటు తిరిగి చెరుకు పిప్పి కుప్ప దిక్కు చూసుకుంట ఏడ్చిండు. భార్య గిలాస కింద పెట్టింది. "నాకైతె ఇంట్ల ఉంటె మంచిగుండె" అన్నది, మొదటిసారి ఆమె గొంతు ఇన్న. "ఆయన గట్లంటె గట్లనే. గని ఆ మగోళ్ల వార్డుల ఆడోళ్లను పొద్దుగూకినంక బయటికి పంపుతరు. నన్ను ఆయన పక్కన ఉండనిస్తరా?"

"ఎవ్వడు పంపుతడో నేను చూస్త" అన్న.

మేం తిరిగి వస్తుంటె చర్చి పెద్దల ఫోన్ వచ్చింది. హాలు ఇస్తం, తోల్కరాండ్రి అన్నరంట. కొడుకు ఆటో పక్కకు ఆపి బాపును అడిగిండు. పెద్దమనిషి చెయ్యి అడ్డం ఊపిండు. ఆటో దవాఖాన దిక్కే వచ్చింది.

వార్డుల మా యూనిట్ సారు నన్ను చూసి నడుం మీద చేతులేసుకున్నడు. "పొద్దున పంపినోన్ని మధ్యానం మళ్ల తెచ్చిండ్రు. ఇది దవాఖాననా, సత్రమా మేడం?"

"సత్రమే అనుకోండ్రి. మంచం సూపియ్యండ్రి."

"ఆ మంచం జ్వరం పిలగానికి ఇచ్చినం. మందు లేనోళ్లకు మంచాలిస్తె, మందున్నోళ్లను యాడ పండవెట్టాలె?"

ఆయన అన్నది తప్పు గాదు. నేను మాత్రం గొంతు పెంచిన, ఆయన గూడ పెంచిండు, వార్డంత తమాష చూసింది. ఆఖరికి ఆయనే గొణుక్కుంట పోయి, గోడ కాడ ఉన్న పాత మంచాన్ని లాక్కొచ్చి ఫ్యాను కింద ఏసిండు. ఆమె పక్కన ఉండేదానికి ఒప్పుకున్నడు. దానికి గూడ నాతోని జర కొట్లాట పెట్టుకొనే ఒప్పుకున్నడు.

అంతటితోని అయిపాయె అనుకుంటుండ్రా? నా ఫికర్ అప్పుడే మొదలైంది. ఆ పిల్లకు తప్పు చేసిన్నన్న బాధ పట్టుకుంది. ఖాళీ దొరికితె చాలు, ఆ మంచం కాడికే పోయేది. ఆయన భార్యను ప్రతిదీ అడిగేది. "సూది ఇప్పుడు వెయ్యమంటారా?" "సరే డాక్టరమ్మా." "కాసేపు ఆగి వెయ్యమంటారా?" "సరే డాక్టరమ్మా." నా దగ్గరికొచ్చి, "రెండింటికీ సరే అంటున్నారండి మేడం! నేనేం చెయ్యాలి?" అని ఏడుపు మొఖం పెట్టింది. నాకు నవ్వొచ్చింది, భయమూ ఏసింది. ఆ తల్లికి ఏం కావాల్నో ఎట్ల తెలవాలె? ఈ పిల్ల మంచితనం కింద ఆమె మళ్ల నలిగిపోతదేమో అనిపిచ్చింది. "కాదంటె నీకు కోపం రాదని వాళ్లకు నమ్మకం రావాలె. గది మాటలతోని రాదు. పోయి కూసో, ఏం అడగకు" అని చెప్పిన. గంతకంటె నాకూ తెల్వదు.

ఆఖరి రోజు మధ్యానానికే ఆయన ఊపిరి మారింది. నడుమ నడుమ ఆగి, మళ్ల వస్తున్నది. నొప్పి లేదు, మొఖం నిమ్మళంగుంది. నేను వార్డు తలుపు కాడికి పోయేసరికి, మంచం తలాపు కాడ స్టూల్ మీద పిల్ల కూసొని ఉంది. ఆయన చెయ్యి పట్టుకొని, కండ్లు తుడుచుకుంట. భార్య కాళ్ల కాడ నిలవడ్డది, మంచం పట్టె పట్టుకొని. కొడుకు ఆమె వెనక.

నాకు చూడంగనే సమజైంది. ఆ స్టూల్ ఆమెది. ఇన్ని రోజులు ఆమె కూసొని ప్రార్థన చేసుకున్న స్టూల్. డాక్టరమ్మ ప్రేమతోని వచ్చి కూసుంటె, లేవమనుడు ఆమెకు చాతగాలే. లోపలికి పోయి పిల్లను రెక్క పట్టి లేపుదామని అడుగేసిన. ఏసి ఆగిన. నేను లేపితె, ఆమె నోరు మూతవడే ఉంటది.

పిల్ల తలెత్తింది. ఏం తోచిందో, భార్య దిక్కు చూసి మెల్లగ అడిగింది. "అమ్మా, నేను ఇక్కడ ఉండనా? వెళ్లమంటారా?"

ఆమె పిల్ల మొఖంలకు చూసింది. ఉండు అన్నట్టు తల ఊపుతదనే అనుకున్న.

"పో బిడ్డా" అన్నది ఆమె. "జరంత సేపు మమ్మల్ని ఇడిసిపెట్టు. మా ముచ్చట్లు మాకున్నయ్."

పిల్ల ఎంబడే లేసింది. ఆయన చెయ్యి తెచ్చి ఆమె చేతుల పెట్టింది. స్టూల్ ఆమె దిక్కు జరిపింది. తెర లాగి బయటికొచ్చింది. నన్ను చూడంగనే ఇగ ఆగలే, నా భుజం మీద తల పెట్టి ఎక్కెక్కి ఏడ్చింది.

"పొమ్మన్నారండి మేడం" అన్నది.

"ఇన్న బిడ్డా" అన్న. ఇద్దరం బయట బెంచి మీద కూసున్నం. తెర అవతల ఆమె ఆయనతోని మెల్లగ ఏదో చెప్తనే ఉన్నది, నడుమల ఒకసారి నవ్వింది గూడ. ఏం చెప్పిందో మాకు ఇనవడలే. మేం అడగలే.